కలర్ చేంజ్ ఎంపిక: కొత్త ముక్క సరే, పాతది ఎక్కడుంది?

కలర్ చేంజ్ అంటే ఒక పేకముక్క ఇంకో పేకముక్కగా మారే మ్యాజిక్. అలా ముక్క మారగానే చూసేవాళ్ల కళ్లన్నీ కొత్త ముక్క మీదకు వెళ్తాయి. చేసేవాళ్లకు మాత్రం చిక్కంతా పాత ముక్కతోనే. ఆఠీన్ రాణి ఇస్పేటు ఆసుగా మారిందంటే ఆ రాణి ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. కొత్త ముక్క వెనకో, కట్ట మీదో, మీ అరచేతిలోనో. తర్వాతి పది సెకన్లు మీరు హాయిగా నవ్వుతూ మాట్లాడగలరా, చెయ్యి బిగబట్టుకుని నిలబడాలా అన్నది దాన్ని బట్టే ఉంటుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా ఫోన్లో ఏది కళ్లు చెదిరేలా ఉంటే దాన్ని ఎంచుకుంటారు. ఫోన్ కదలకుండా ఒకేచోట నుంచి చూస్తుంది. కొంపల్లిలోనో నాగోల్‌లోనో ఒక ఫంక్షన్ హాల్లో సంగీత్ జరుగుతుంటే అలా కుదరదు. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చుంటారు, వాళ్ల కుర్చీల వెనక మరో నలుగురు నిలబడతారు, మీ మోచేతి ఎత్తులో ఇద్దరు పిల్లలు కింది నుంచి తొంగిచూస్తారు, మీ భుజం వెనక వీడియోగ్రాఫర్ లైట్ పట్టుకుని ఉంటాడు. కొన్ని హాళ్లలో గోడంతా అద్దమే. అందుకే ఏ హస్తలాఘవాన్ని పరిశీలించినా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పాత ముక్క ఎక్కడికి పోతుంది? ఎటువైపు నుంచి చూస్తే గుట్టు బయటపడుతుంది? మారిన ముక్కను ఎదుటివాళ్ల చేతికి ఇవ్వగలమా? ఎంత అందంగా కనిపిస్తుందన్నది నాలుగో ప్రశ్న.

డబుల్ లిఫ్ట్: చేతిలో మారే ముక్క

చాలామంది దీన్ని కలర్ చేంజ్‌ల లెక్కలోకే తీసుకోరు. అది పొరపాటు. జనం మధ్య చేసే మ్యాజిక్‌కు ఒక్కటే నేర్చుకునే తీరిక ఉంటే ఇదే నేర్చుకోవాలి.

పై రెండు ముక్కల కింద చిటికెనవేలి కండతో బ్రేక్, అంటే బయటికి కనపడని సన్నటి సందు, పట్టి, రెండింటినీ ఒకటిగా తిప్పి ముఖం చూపిస్తారు. మళ్లీ ఒకటిగానే బోర్లా తిప్పి, పైనున్న ఒక్క ముక్కను తీసి ఎదుటివాళ్ల అరచేతిలో పెడతారు. చూపించిన రాణి కట్ట మీద భద్రంగా ఉంది, వాళ్ల చేతిలో ఉన్నది ఆసు. అంటే మార్పు జరగకముందే మీ పని అయిపోయింది. "అక్కా, రెండో చెయ్యి పైన మూసి పెట్టండి, గట్టిగా పట్టుకోండి" అని చెప్పి రెండడుగులు వెనక్కి వెళ్లవచ్చు. వెనక నుంచి చూసినా, కింద నుంచి చూసినా ఇక చూడటానికి ఏమీ ఉండదు. తన చేతిలోనే మారిందని ఆవిడ ఇంటికెళ్లి కూడా చెబుతుంది. కళ్లముందు మెరుపులా మారే ఏ చేంజ్‌కీ ఆ బలం రాదు.

చెడేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది, తిప్పేటప్పుడు రెండు ముక్కలూ అంచు దగ్గర వెంట్రుకవాసి విడిపోవడం. ముక్కలను మరీ గట్టిగా పట్టి వంచితే ఇలా అవుతుంది, కాబట్టి పట్టు వదులుగా ఉంచాలి. రెండోది, బ్రేక్ కోసం కట్ట వైపే చూస్తూ ఉండిపోవడం. బ్రేక్‌ను ముందే, ఇంకేదో మాట్లాడుతున్నప్పుడే తీసి పెట్టుకోవాలి. మూడోది ఎవరూ చెప్పరు. డబుల్‌ను ఒక రకంగా, మామూలు ముక్కను ఇంకో రకంగా తిప్పుతుంటారు. రమ్మీ ఆడే బాబాయిలకు ముక్క చేతిలో ఎలా కదులుతుందో ఏళ్ల తరబడి తెలుసు, ఈ తేడాను వాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఒక్క ముక్కను తిప్పేటప్పుడు కూడా డబుల్ తిప్పినట్టే తిప్పడం అలవాటు చేసుకోండి.

లోపం ఒక్కటే: మార్పు జరుగుతుండగా కనపడదు. ముక్క ఒకసారి బోర్లా పడాల్సిందే. వేదిక మీద దూరం నుంచి చూసేవాళ్లకు ఇది చాలదు.

ఎర్డ్‌నేజ్ చేంజ్: కళ్లముందు, కట్ట మీదే

1902లో వెలువడిన "ది ఎక్స్‌పర్ట్ అట్ ద కార్డ్ టేబుల్"లో ముక్కలు మార్చే పద్ధతుల కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. ఎస్. డబ్ల్యూ. ఎర్డ్‌నేజ్ అన్న పేరుతో రాసింది అసలెవరో ఈనాటికీ తేలలేదు. అందులోని రెండు చేతుల పద్ధతికి దగ్గరగా ఉన్నదాన్నే మెజీషియన్లు ఎర్డ్‌నేజ్ చేంజ్ అంటారు, హూడినీ పేరు కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు. కనపడే మార్పుల్లో మొదటగా నేర్చుకోదగ్గది ఇదే.

కట్టను ఎడమ చేతిలో దాదాపు నిలువుగా, ముఖం జనం వైపు ఉండేలా పట్టుకోండి. బొటనవేలు ఒక పొడవాటి అంచు మీద, మిగతా వేళ్లు రెండో అంచు మీద. కుడి చెయ్యి ఖాళీగా ఉందని తీరిగ్గా చూపించి, కట్ట ముఖం మీద పరచండి. వేళ్ల కొసలు ముందున్న ముక్కను రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరుపుతాయి. దాంతో రెండో ముక్క కింది భాగం కాస్త బయటపడి, మణికట్టుకు ఆనుకున్న అరచేతి కండకు తగులుతుంది. ఆ కండతో దాన్ని అదిమి చేతిని కిందికి లాగితే రెండో ముక్క కూడా వస్తుంది. దాని పై అంచు ముందు ముక్క కింది అంచును దాటగానే చేతిని తిరిగి పైకి పోనివ్వండి. ఈసారి రెండో ముక్క మొదటిదాని మీదుగా వెళ్లి కూర్చుంటుంది. వేళ్లు పైనున్న ముక్కను కిందికి సర్ది కట్టను సమం చేస్తాయి. బయటికి ఇదంతా చేత్తో ముక్కను ఒకసారి నిమిరినట్టే ఉండాలి.

చెయ్యి తీసేసరికి పాత ముక్క కొత్తదాని వెనకే ఉంది, చేతిలో ఏమీ లేదు, కట్టను వెంటనే బల్ల మీద పెట్టేయవచ్చు. ఈ శుభ్రత వల్లే దీన్ని ఇంత ఎత్తున పెడుతున్నాం.

మేలో, లేదా గంటల తరబడి ఏసీలో ఉన్నాక, అరచేతి కండ పొడిబారి రెండో ముక్కను పట్టదు, చెయ్యి ఉత్తగా జారిపోతుంది. పట్టడం లేదని గట్టిగా అదిమితే మూడో ముక్క కూడా వెంట వస్తుంది. బలం పెంచకండి, తేమ పెంచండి. ఆటకు పది నిమిషాల ముందు అర చుక్క మాయిశ్చరైజర్ అరచేతి కింది భాగానికి రాస్తే చాలు, వేళ్లకు వద్దు. షేర్వానీ వేసుకుంటే ఇంకో చిక్కు. వెనక్కి వచ్చే ముక్క మణికట్టు కిందికి పొడుచుకువస్తుంది కాబట్టి జరీ పనితనం ఉన్న చేతి అంచుకో, కడియానికో, వాచీ పట్టీకో తగిలి టక్కుమంటుంది. షేర్వానీ చేతుల్ని రెండు అంగుళాలు మడవండి, కుడి మణికట్టున ఏమీ ఉంచకండి.

ముందు నుంచీ, రెండు పక్కల నుంచీ ఇది బాగానే నిలబడుతుంది. బయటపడేది మీ కుడి భుజం వెనక నిలబడ్డవాళ్లకు, కింది నుంచి చూసే పిల్లలకు. పిల్లలున్నప్పుడు కట్టను వాళ్ల వైపు వంచి, "చిన్నా, నువ్వు ఊదు" అని వాళ్లనే ముందుకు, మీకు ఎదురుగా రప్పించుకోండి. ఊదడానికి వచ్చిన పిల్ల కళ్లు ముక్క ముఖం మీద ఉంటాయి, దాని అడుగున కాదు.

సైడ్ స్టీల్‌తో చేసే పామ్ చేంజ్

కట్ట వెనకనున్న ముక్కను ఎడమ నడిమివేలు, ఉంగరపువేలు కొసలతో కుడివైపు తోస్తే, కట్ట ముందు నుంచి పోతున్న కుడి అరచేతిలోకి వచ్చి పడుతుంది. మొదటిసారి నిమిరినప్పుడు ముక్క మారదు, మీరు ఆ ముక్కను తీసుకుంటారంతే. రెండోసారి నిమిరినప్పుడు ముక్క ముఖం మీద దిగుతుంది. పాతది దాని వెనక మిగులుతుంది, చెయ్యి ఖాళీ.

చక్కగా చేసేవాళ్ల చేతిలో కట్ట మీద జరిగే మార్పుల్లో ఇంతకంటే అందమైనది లేదని మా అభిప్రాయం. మొదటిసారి ఏమీ జరగకపోవడం వల్ల జనం కాస్త ముందుకు వంగుతారు, సరిగ్గా అప్పుడు మారుతుంది. కావాలంటే వెంటవెంటనే మూడు నాలుగు ముక్కలు మార్చవచ్చు. అయినా దీన్ని రెండో ఏడాదికి వాయిదా వేసుకోమంటాం. పామ్ చేసిన చెయ్యి, అంటే లోపల ముక్కను దాచిన చెయ్యి, సహజంగా కనిపించడానికి నెలలు పడుతుంది. బొటనవేలు బిర్రుగా విడిగా నిలబడిందంటే లోపల ఏదో ఉందని చిన్నపిల్లవాడికీ తెలుస్తుంది. ఎడమ వేళ్లు కట్ట వెనక పాకుతున్నట్టు కదలడం మరో తప్పు. కుడి చెయ్యి కదలడం మొదలయ్యాకే వేళ్లు తోయాలి, ఆ పెద్ద కదలిక చిన్నదాన్ని మింగేస్తుంది. మీ కుడిపక్కన ఎవరైనా ఉంటే అరచేతికీ కట్టకూ మధ్య సందులోంచి అంతా చూస్తారు. ఫంక్షన్ హాల్లో కుడిపక్కన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు, గోడనో స్తంభాన్నో కుడివైపు ఉంచుకుని నిలబడితేనే ఇది పనికొస్తుంది.

చెయ్యి చిన్నదైతే ముక్క కొలత కూడా లెక్కలోకి వస్తుంది. పోకర్ సైజు ముక్క వెడల్పు సుమారు 63.5 మిల్లీమీటర్లు, బ్రిడ్జ్ సైజుది సుమారు 57. ఆరున్నర మిల్లీమీటర్ల తేడా పామ్‌లో చాలా పెద్దది.

స్నాప్ చేంజ్

రెండు ముక్కలు ఒకటిగా బొటనవేలికీ నడిమివేలికీ మధ్య. చిటికె వేసినట్టు కదిపితే ముందున్నది వెనక్కి జారి అరచేతి మాటున ఆగుతుంది, వెనకది బయటపడుతుంది. ఒంటి చేత్తో, రెప్పపాటులో. ఫోన్లో చూసి అందరూ ముందు నేర్చుకునేది ఇదే, మనుషుల మధ్య అందరికంటే ముందు దొరికిపోయేదీ ఇదే.

పాత ముక్క మీ చేతిలోనే ఉండిపోయింది కదా. మారిన ముక్కను ఎవరైనా "ఏదీ, ఇటివ్వు" అంటే ఇచ్చేటప్పుడు ఆ చెయ్యి ఏం చేయాలి? జవాబు ఒకటే. ఎడమ చేతిలో కట్ట సిద్ధంగా ఉండాలి, ముక్క మారిన వెంటనే కుడి చేతిని కట్ట మీదకు తెచ్చి, దాచిన ముక్కను అక్కడ వదిలి, కనపడేదాన్ని మాత్రమే ముందుకు చాపాలి. ఈ సర్దుబాటును చేంజ్‌తో సమానంగా సాధన చేయకపోతే స్నాప్ చేంజ్ జోలికి వెళ్లకండి. ముందు నుంచి తప్ప ఏ వైపు నుంచీ భద్రం కాదు. వానాకాలం చెమట చేతులతో ముందు ముక్క సగంలో ఆగిపోతుంది కూడా. ముక్క జారే శబ్దం వినపడుతుంది కాబట్టి నిశ్శబ్దంగా ఉన్న గదికి సరిపడదు. పాటలు మోగుతున్న సంగీత్‌లో ఆ బాధ లేదు.

ఆన్ స్టేజ్, కెమెరా మనిషి ఎదురుగా, ఎల్‌ఈడీ తెర మీద మీ చేతులు పెద్దగా కనిపించేటప్పుడు మాత్రం స్నాప్ చేంజ్‌కు సాటిలేదు. కెమెరా ఎక్కడుండాలో ముందే చెప్పి, నేల మీద టేపుతో గుర్తు పెట్టించండి.

టాప్ చేంజ్, పాస్, ఫ్లాప్ కార్డు

టాప్ చేంజ్ కనపడే మార్పు కాదు, దొంగచాటు మార్పిడి. కుడి చేతిలోని ముక్క కట్ట మీదకు, కట్ట మీది ముక్క కుడి చేతిలోకి. ఒళ్లంతా కదులుతున్నప్పుడు, అందరూ మీ ముఖం వైపు చూస్తున్నప్పుడు చేయాలి. చేతుల కష్టం తక్కువ, గుండె ధైర్యం ఎక్కువ కావాలి. "అన్నా, మీ పేరేంటి?" అని అడిగి ఆయన జవాబు చెప్పేలోపు అయిపోవాలి. డబుల్ లిఫ్ట్ బాగా వచ్చినవాళ్లకు ఇది దాని అన్నదమ్ముడి లాంటిది, ఫలితం అదే: ముక్క వాళ్ల చేతిలో, చేతులు శుభ్రం.

పాస్‌ను కలర్ చేంజ్‌గా వాడటం, అంటే చెయ్యి ఊపే మాటున కట్ట రెండు సగాలను తారుమారు చేయడం, చూడటానికి గొప్పగా ఉంటుంది. ఏళ్ల పని. ఎంపిక గురించి ఆలోచించే దశలో ఉన్నవాళ్లకు ఇప్పుడే అవసరం లేదు.

ఫ్లాప్ కార్డు ముందే తయారుచేసిన ముక్క, దానిలో సగం తెరుచుకుని ముఖం మారుతుంది. వేళ్ల కొసల దగ్గరే, చెయ్యి అడ్డం లేకుండా మారుతుంది. కానీ ఎవరికీ ఇవ్వలేరు. మన పెళ్లిళ్లలో ముక్క మారగానే ఒక మామయ్య చెయ్యి చాపి దాన్ని తీసేసుకుంటాడు, అడగడు కూడా. అందుకని ఫ్లాప్ కార్డును వేదికకే పరిమితం చేయండి. అక్కడ కూడా దాన్ని మామూలు ముక్కతో మార్చే దారి ముందే చూసుకోండి.

ఏ ముక్కలు, ఏ కట్ట

ఎంత మంచి పద్ధతినైనా తప్పు ముక్కల జంట పాడుచేస్తుంది. ఆఠీన్ ఆరు డైమన్ ఏడుగా మారితే నాలుగడుగుల దూరంలో ఉన్నవాళ్లకు ఏమీ మారలేదు. ఎరుపు నుంచి నలుపుకు, బొమ్మ నుంచి చుక్కలకు, రెండూ ఒకేసారి మారాలి. ఆఠీన్ రాణి నుంచి ఇస్పేటు ఆసు, కళావరు రెండు నుంచి డైమన్ రాజు లాంటివి. హాల్లో ఎర్రటి, ఊదా రంగు పార్టీ లైట్లు వేస్తే ఎరుపు నలుపు తేడా చచ్చిపోతుంది, అప్పుడు బొమ్మ–చుక్కల తేడాయే కాపాడుతుంది.

ఇంట్లో రమ్మీకి వాడే పూర్తి ప్లాస్టిక్ ముక్కలు వద్దు. జారుతూ, వంగిన వెంటనే ఎగిరి లేస్తూ బ్రేక్ నిలవనివ్వవు, డబుల్ చీలిపోతుంది. బైసికిల్ బ్రాండు లాంటి కాగితపు ముక్కల పైపూతలో సన్నటి గుంటలుంటాయి, వాటి వల్ల ముక్కలు సమంగా జారుతాయి.

హైదరాబాద్ వేడుకల్లో కట్టకు అసలు శత్రువు స్టార్టర్లు. కబాబ్ తిన్న వేళ్లతో ఇద్దరు ముక్కలు ముట్టుకుంటే చాలు, నూనెకు ముక్కలు అతుక్కుని డబుల్ కాస్తా ట్రిపుల్ అవుతుంది. భోజనాల బల్లల దగ్గర తిరిగే పనైతే కనీసం మూడు కట్టలు తీసుకెళ్లండి. వెనక డిజైను, రంగు ఒకటే ఉండాలి, ఒకే పెట్టె నుంచి వస్తే మరీ మంచిది. మూడు నాలుగు బల్లలకొకసారి కట్ట మార్చండి. వేళ్లు తుడుచుకోవడానికి జేబులో పొడి రుమాలు పెట్టుకోండి. తడి టిష్యూ తుడిచిన వెంటనే చేతిని మరీ జిగటగా చేస్తుంది.

నుమాయిష్ రోజుల్లో నాంపల్లి జనంలోనో, ట్యాంక్‌బండ్ మీదనో చేయాలంటే జనం చుట్టూరా మూగుతారు, గాలి కూడా ఉంటుంది. అక్కడ డబుల్ లిఫ్ట్, టాప్ చేంజ్ తప్ప మరేదీ సలహా ఇవ్వం.

సాధన, క్రమం

రోజుకు ఇరవై నిమిషాలు, ఒక్క పద్ధతి మీదే. ఫోన్‌ను మూడు చోట్ల పెట్టి రికార్డు చేయండి: ఎదురుగా భుజం ఎత్తులో, కుడిపక్కన నలభై ఐదు డిగ్రీల కోణంలో, ఆపైన కుర్చీ సీటు ఎత్తులో అంటే పిల్లల కళ్ల దగ్గర. మామూలు వేగంతోనే చూడండి. స్లో మోషన్‌లో చూసి అనవసరంగా వేగం పెంచుకుంటే కదలిక కుదుపుగా మారి అసలు వేగంలో కూడా అనుమానం పుట్టిస్తుంది. అద్దం ముందు ఎక్కువకాలం సాధన చేస్తే సరిగ్గా మార్చే క్షణంలో కళ్లు మూసుకునే అలవాటు వస్తుంది. అది వీడియోలోనే తెలుస్తుంది.

కూర్చున్న బల్ల దగ్గర మొదట ఎర్డ్‌నేజ్, చివర డబుల్ లిఫ్ట్‌తో వాళ్ల చేతిలోనే మార్పు. ఈ రెండు చాలు, ఐదు నిమిషాల ఆట నిండుతుంది. ఈ క్రమాన్ని తిప్పకండి. తన చేతిలో ముక్క మారడం చూసినవాళ్లకు ఆ తర్వాత మీ చేతిలో మారితే చప్పగా ఉంటుంది.

"బాబూ, మళ్లీ ఒక్కసారి చెయ్యి" అని పెద్దాయన అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. అదే పద్ధతి మళ్లీ చేస్తే ఈసారి ఆయన ముక్కను చూడరు, మీ మణికట్టును చూస్తారు. "ఈసారి నా చేతిలో కాదు, మీ చేతిలో" అనండి. ఎర్డ్‌నేజ్ అయ్యాక ఆసు పైకి, రాణి దాని వెనక ఉంటాయి కదా. కట్టను బోర్లించి ఒక కోత కోస్తే రెండూ కట్ట నడుమకు పోతాయి. తర్వాత పైనున్న రెండు ముక్కల్ని డబుల్ చేయండి. కోత తర్వాత పైన ఏ జంట వస్తుందో మీకు తెలియాలంటే, బల్ల దగ్గరకు వచ్చేముందే ఒక రంగు బొమ్మ, ఇంకో రంగు చుక్క ఉన్న రెండో జంటను కట్ట నడుమ పెట్టుకుని, వాటి పైన చిటికెనవేలితో బ్రేక్ నిలిపి అక్కడికే కోయాలి.